యువకథకుల పట్టిక

(టైడాలో యువకథకులును పఠనమందిర సభ్యులును కూడిన సమావేశమున గావించిన ఉపన్యాసము)



నేడు ఉదయము మనలో పెక్కుమందిమి విశాఖపట్టణమునుండి కిరండోలునకు పోవు బండిలో నీ కొండ యెక్కితిమి. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటి, శివలింగపురము వచ్చుసరికి మైదానము మన వెనుక నెక్కడో అడుగున నుండిపోయినది. ఆ తరువాత చీకటియు వెలుతురును ఒకదాని వెంట నొకటి వచ్చినవి. సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేసిరి. ఈ మార్గమున నట్టి సొరంగములు 50కి పైగా కలవు. ఇంత శ్రమపడి, ఇన్ని కొండలను తొలిచి, ఈ యినుపదారి నెవరికొరకు వేసిరి? మనకొరకు కాదు. టైడావారి కొరకును కాదు. 1960 దశకమున బైలదిల్లా గనులలోని యినుపరాతిని విశాఖ రేవునకు దింపి, జపానుదేశమునకు పంపుటకై వేసిరి. రాయి దిగుటకు వేసిన దారిని మనుష్యులును వాడుకొనుచున్నారు. సంతకు పోవువారు పోవుచున్నారు, చదువులకు పోవు పిల్లలు పోవుచున్నారు. నేడు కథలు చదువవచ్చిన మనమును వచ్చితిమి.

ఈ సంగతిని ముందుగా నేల చెప్పితిననగా, నేడు నేను మాటలాడవలసిన విషయమునకును దీనికిని పోలిక కలదు. ఈ కొండప్రాంతములో కథలు వ్రాయుచున్న యువకులలో ఆశాజనకులైన పదిమందిని ఎన్నుకొని, వారి పేర్లతో నొక పట్టిక ప్రకటించి, సన్మానము చేయవలెనని పట్టణపు మిత్రులు కొందరు సంకల్పించిరి. వయస్సు 35 సంవత్సరములు మించరాదని నియమము కూడ వ్రాసికొనిరి. నా యభిప్రాయ మడిగిరి. వారి సద్భావము నాకు తెలియును. వారు తమ చేతిసొమ్ము వెచ్చింప సిద్ధపడినవారు. కావున ముఖప్రీతికి నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చుండుట వారికి చేయు గౌరవము కాదు. పట్టిక యనునది యేమి చేయును, ఏమి చేయజాలదు, ఎవరిని నిలుపును, ఎవరిని తోసివేయును అను విషయములను మీ ముందు పెట్టెదను. తరువాత మీరే నిర్ణయింపుడు.

ఇట్టి పట్టికలకు ఈ కాలమున పేరుతెచ్చినది ఇంగ్లండుదేశము. 1983లో ఆ దేశపు పుస్తకవ్యాపారుల సంస్థ యొకటి, నవలలు అమ్ముడుపోవుటకై ప్రచారము చేయదలచి, 40 సంవత్సరములలోపు వయస్సుగల నవలాకారులను ఇరువదిమందిని ఏరి వారి పేర్లను ప్రకటించినది. గ్రాంటా యను పత్రిక ఆ యిరువదిమంది రచనలతో నొక ప్రత్యేక సంచికను వెలువరించినది. మొదటి ఉద్దేశము వాణిజ్యము. సాహిత్యము దాని వెంట వచ్చినది. ఇనుపరాతి దారి వంటిదే యిదియును. కాని ఆ దారిని మంచి ప్రయాణికులు వాడుకొనిరి. సల్మాన్ రష్దీ, జూలియన్ బార్న్స్, ఇయన్ మెకెవాన్, పాట్ బార్కర్ మొదలగువారు ఆ పట్టికలోనివారే. గ్రాంటా ఆ పనిని విడువక 1993, 2003, 2013, 2023 సంవత్సరములలో, పదేండ్ల కొకసారి, క్రొత్త పట్టికలను ప్రకటించుచు వచ్చినది. దానిని చూచి ఇతరులును మొదలిడిరి. అమెరికాలో న్యూయార్కర్ పత్రిక 1999లో నొక యిరువదిమందిని, 2010లో మరియొక యిరువదిమందిని పేర్కొన్నది. అచ్చటి జాతీయ గ్రంథసంస్థ 2006 మొదలుకొని 35 ఏండ్లలోపు కథకుల నైదుగురిని గౌరవించుట ప్రారంభించినది. 2007లో బొగోటా నగరమున లాటిన్ అమెరికా రచయితలను 39 మందిని, 2014లో ఆఫ్రికా ఖండపు రచయితలను 39 మందిని ఇట్లే ఏరిరి.

ఇందు మేలు లేదనజాలను. కజువో ఇషిగురో సంగతి చూడుడు. నాగసాకిలో పుట్టి, బాల్యముననే ఇంగ్లండు చేరినవాడు. 1983లో పట్టిక వెలువడునాటికి అతని నవల యొక్కటియే, అదియు ముందటి సంవత్సరము అచ్చయినది. ఆ దేశపు పౌరసత్వము కూడ నతనికి ఆ సంవత్సరముననే లభించినది. అట్టివానిని పేరుపొందినవారి సరసను కూర్చుండబెట్టి, ఇతడును మావాడే యని ఆ పట్టిక చెప్పినది. 2017లో నతనికి నోబెల్ బహుమానము వచ్చినది. 2003 నాటి పట్టికలో ఢాకాలో పుట్టిన మోనికా అలీ యను నామె పేరు చేర్చినప్పుడు ఆమె తొలి నవల యింకను వెలువడియే యుండలేదు. వ్రాతప్రతిని చదివి చేర్చుకొనిరి. ఝుంపా లాహిరి 1999 పట్టికలోనిది. మరుసటి సంవత్సరమే ఆమె కథలకు పులిట్జర్ బహుమానము లభించినది. ఎవరును ఎరుగని పేరును పదిమంది నోట పలికించుట పట్టిక చేయగల మొదటి యుపకారము. ప్రచురణకర్త తలుపు తెరచును, గ్రంథాలయము పుస్తకము కొనును, ఇంటిలో "ఈ వ్రాతలు కూడు పెట్టునా" యని విసిగికొను తండ్రి యొకనాటికి ఊరకుండును. చివరి దానిని తక్కువగా నెంచకుడు.

ఇక రెండవ వైపు చూడుడు. హిలరీ మాంటెల్ అను నామె 1952లో జన్మించినది. 1983లో తొలి పట్టిక వచ్చునాటికి ఆమె నవల యొక్కటియు వెలువడలేదు. 1985లో మొదటిది వచ్చినది. 1993లో రెండవ పట్టిక వచ్చునాటికి ఆమెకు నలుబదియేండ్లు నిండినవి. రెండు పట్టికల నడుమనున్న సందులో ఆమె జారిపోయినది. తరువాత 2009లో నొకసారి, 2012లో నొకసారి బుకర్ బహుమానము నందుకొన్నది ఆమెయే. పెనెలొపీ ఫిట్జెరాల్డు మాట చెప్పనక్కరలేదు. 1916లో పుట్టిన ఆమె మొదటి నవల 1977లో వచ్చినది. రెండేండ్లకు బుకర్ వచ్చినది. అరువదియేండ్లకు తొలిపంట పండిన ఆ చెట్టునకు యువకుల పట్టికలో చోటెక్కడిది?

"పువ్వు పుట్టగనే పరిమళించు" నని మనవారి సామెత. పూవు విషయమున నిజము కావచ్చును. కథకుని విషయమున నది సగము నిజము. మన చరిత్రనే తీసికొందము. గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించిరి. "దిద్దుబాటు" కథ 1910లో వెలువడినది. అనగా వారికప్పుడు నలుబది యేడేండ్లు నిండినవి. "కన్యాశుల్కము" 1892లో రంగమెక్కినప్పుడు వారికి ముప్పది నిండలేదు, నిజమే. కాని నేడు మనము తలపై నెత్తికొనుచున్న "కన్యాశుల్కము" 1909లో వారు తిరుగ వ్రాసి పెంచి ప్రకటించినది. ఒకే చేయి, ఒకే కథ. నడుమ పదునేడు సంవత్సరముల జీవితము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు "మాలపల్లి"ని వ్రాసినది రాయవేలూరు చెరసాలలో, నలుబది దాటిన వయస్సున. 1922లో అది యచ్చయినది. దొరతనమువారు దానికి జడిసి నిషేధించిరి. పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను ప్రపంచ కథలపోటీలో రెండవ బహుమానము పొందునాటికి వారు 35 ఏండ్ల గీటు దాటియే యుండిరి. మన శ్రీకాకుళపు కాళీపట్నం రామారావు మాస్టారు తరుణవయస్సుననే కథలు వ్రాసి, కొన్ని సంవత్సరములు కలము కట్టిపెట్టి, తమ నలుబదియవ యేట 1964లో "యజ్ఞం" వ్రాసిరి. మన మిత్రులు వ్రాసికొనిన నియమము అప్పుడున్నయెడల, ఆ మాస్టారు దరఖాస్తు తిరుగు టపాలో వచ్చియుండెడిది.

అట్లని యౌవనమును చిన్నబుచ్చుటయు తగదు. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" వ్రాసినది ముప్పదియేండ్ల ప్రాయమున. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి"యు ఇంచుమించు ఆ వయస్సుననే. భండారు అచ్చమాంబగారి పేరు వినియుందురు. 1874లో పుట్టి 1905లోనే గతించినది. "ధనత్రయోదశి" కథను ఆమె 1902లో ప్రకటించినది, అనగా "దిద్దుబాటు"కు ఎనిమిదేండ్ల ముందు. కాని తెలుగుకథ చరిత్ర వ్రాసిన పెద్దలు చిరకాలము మొదటి కథ "దిద్దుబాటు"యే యని పిల్లలకు వల్లె వేయించిరి. చేర్చకూడదని ఎవరును తీర్మానింపలేదు. ఆమె యున్న వైపు చూడలేదు, అంతే. పట్టికల దోషము తరచుగా ద్వేషమువలన పుట్టదు. చూపు పోయినంత మేరను లోకమనుకొనుటవలన పుట్టును.

మన దేశమున నిట్టి ప్రయత్నము లేకపోలేదు. సాహిత్య అకాడెమీవారు 2011లో యువపురస్కారమును నెలకొల్పిరి. 35 ఏండ్లు మించని రచయితలకు, తాము గుర్తించిన 24 భాషలలో, 50,000 రూపాయలును తామ్రఫలకమును ఇచ్చుచున్నారు. తెలుగున తొలియేట వేంపల్లి గంగాధర్ "మొలకల పున్నమి" కథలకు వచ్చినది. మరుసటి యేడు వేంపల్లి షరీఫ్ "జుమ్మా" కథలకు వచ్చినది. 2015లో పసునూరి రవీందర్, 2020లో మానస ఎండ్లూరి "మిళింద" కథలకు పొందిరి. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో"కును, 2025లో ప్రసాద్ సూరి "మైరావణ" నవలకును లభించినవి. ఈ పేర్లను ఒక్కసారి వరుసగా చదువుకొనుడు. రాయలసీమ గ్రామమున్నది, ముసల్మాను ఇల్లున్నది, దళితుల వాడ యున్నది, బంజారాల తండా యున్నది. డెబ్బది యెనుబదేండ్ల క్రిందట తెలుగుకథల పట్టికను వేసినచో నీ గుమ్మములలో నెన్ని కనబడెడివి? పట్టిక తలుపు తెరువగలదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. రమేశ్ కార్తీక్ పుస్తకము పేరే తండా భాషలోని మాట. ఆ మాట నర్థము చేసికొనుటకై తెలుగు పాఠకుడు ఒకనిని అడుగవలసివచ్చినది. అడుగుట మంచిది. ఇంతకాలము ఎప్పుడును వారే మనల నడుగుచుండిరి.

ఇప్పుడు టైడా గుమ్మమునకు వత్తము. ఈ అనంతగిరి మండలమునను అరకు లోయలోను నివసించువారిని మైదానమువారు ఒకే మాటతో "కొండవారు" అందురు. దూరపు కొండలు నునుపు. దగ్గరకు వచ్చి చూచినచో కొండదొరలు వేరు, కొటియాలు వేరు, గదబలు వేరు, పోర్జలు వేరు, భగతలు వేరు, వాల్మీకులు వేరు, కువిభాష మాటలాడు కోందులు వేరు. ఎవరి మాట వారిది. అనేకుల కిచ్చట తెలుగు బడిలో నేర్చినభాష. తల్లి జోలపాట యొక భాషలో, సంతలో బేరము మరియొక భాషలో, పలకమీది అక్షరము మూడవ భాషలో. ఈ మూడింటి నడుమ నడచి వచ్చిన పిల్లవాడు తెలుగున నొక కథ వ్రాయునాటికి, పట్టణపు పిల్లవాడు పది వ్రాసియుండును. ఇంటిలో తాత చదివిన పుస్తకము లేదు, తండ్రి కట్టించిన పత్రిక లేదు. మొదటి తరము అక్షరాస్యునకు 35 ఏండ్లనుట వేరు, నాలుగవ తరము అక్షరాస్యునకు 35 ఏండ్లనుట వేరు. పందెము ఒకటే గాని బయలుదేరు గీతలు వేరు.

తనభాషలోనే వ్రాయుదునను నతనికో, అకాడెమీ పట్టికలో గడియే లేదు. సంతాలీ, బోడో భాషలకు 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణ వలన ఎనిమిదవ షెడ్యూలులో స్థానము కలిగినది. అకాడెమీ బహుమానములును కలవు. కువికి లేదు, కొండభాషకు లేదు, గదబభాషకు లేదు. అకాడెమీవారు 1996 మొదలుకొని భాషాసమ్మాన మను పేర ఇట్టి భాషలలో పనిచేసినవారిని గౌరవించుచున్నారు. అది కొంత ఊరట. పండితులు ఈ భాషల నెరుగకపోలేదు. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో సవరలవద్ద కూర్చుండి వారిభాష నేర్చి వ్యాకరణము వ్రాసిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ లోయకే వచ్చి కొండభాషను పరిశీలించి 1969లో గ్రంథము వెలువరించిరి. భాషకు వ్యాకరణము వచ్చినది. ఆ భాషలో కథ వ్రాయువానికి మాత్రము పాఠకుడు రాలేదు.

ఇచ్చటి జీవితము కథకు చాలునా యని సందేహించువారు ఈ కొండ కావలివైపు చూడవలెను. కోరాపుట్టులో ప్రభుత్వోద్యోగిగా తిరిగిన గోపీనాథ మహాంతి 1945లో "పరజా" యను ఒడియా నవలను ప్రకటించెను. అప్పు తీరక, భూమి పోయి, వెట్టిచాకిరిలో మునిగిన ఒక పరజా కుటుంబపు కథ అది. ఆయన వయస్సప్పుడు 31. తరువాత కోందుల జీవితముమీద వ్రాసిన "అమృతర సంతాన" నవలకు 1955లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. ఆ పరజాలే మన వైపున పోర్జలు. సరిహద్దు రేఖ కాగితముమీదిది. అప్పు రెండు వైపుల నొక్కటే. మహాంతి బయటివాడు. అయినను చూచినది చూచినట్లు వ్రాసిన మహానుభావుడు. బయటివాడు వ్రాయరాదని నే ననను. కాని యెంతకాలము బయటివాడే వ్రాయవలెను? ఈ షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు బదలాయించరాదని 1959 నాటి నిబంధన కలదు. 1970లో దానిని మరింత బిగించిరి. ఈ మండలపు బొర్రా పరిసరముల గనుల కౌళ్ళమీద లేచిన వ్యాజ్యములో 1997లో సుప్రీముకోర్టు ఆ నిబంధనను నిలబెట్టి, గిరిజనుల పక్షమున సుప్రసిద్ధమైన తీర్పు నిచ్చినది. భూమి చేయి మారకుండ చట్టమున్నది. కథ చేయి మారకుండ చట్టము లేదు, ఉండరాదు కూడ. దానికి విరుగుడు ఒక్కటే: ఆ కథను చెప్పగలవాడు ఈ నేలమీద కలము పట్టుట.

ఇచ్చట నేను నా తప్పొకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక కథలపోటీకి పరీక్షకులలో నొకడనుగా నుంటిని. యువరచయితల పోటీ. వయోనియమ మున్నది. కొండప్రాంతపు బడిపంతులొకడు కథ పంపెను. కాగితము రెండు వైపుల వ్రాసినాడు, అక్షరదోషములు కలవు, వాక్యము కొన్నిచోట్ల తెలుగు నడకను విడిచి వేరొక నడక నడచినది. విత్తనముల బస్తాకై దిగువ యూరికి పోయి, అది మోసికొని రాత్రి కొండ యెక్కు ఒక తల్లి కథ. ఆమె దారిలో ఎవరితోను మాటలాడదు, బస్తాతో మాటలాడును. నేటికిని నాకు కథ మరపురాలేదు. కాని ఆనాడు మేమేమి చేసితిమి? వయస్సు నియమమునకు కొన్ని నెలలు మించినదని ఒకరనిరి. భాష చక్కగా లేదని నేనంటిని. ప్రక్కకు పెట్టితిమి. బహుమానము పొందిన కథ ఏదో నాకిప్పుడు జ్ఞప్తి లేదు. తరువాత చాలకాలమునకు ఆ పంతులు నొక సంతలో కలిసికొంటిని. "ఇంకను వ్రాయుచున్నారా?" యని యడిగితిని. "లేదండీ, నాకు భాష రాదని తెలిసినది గదా" యనెను. కోపము లేదు. మర్యాదగా చెప్పెను. ఆ మర్యాదయే నాకు శిక్ష. నేను దోషమని గీత గీసిన వాక్యములే ఆ కథకు ప్రాణమని నాకు తెలియుసరికి వ్రాసినవాడు లేచిపోయెను.

కావుననే మిత్రుల సంకల్పమును విని నేను వెంటనే సంతోషింపలేకపోతిని. పట్టికలోనికి వచ్చిన పదిమందికి కలుగు ఉత్సాహము మనకు కనబడును. రాని పదకొండవవాడు ఇంటికి పోయి కాగితములు పొయ్యిలో పెట్టిన సంగతి మనకెవరు చెప్పుదురు?

పట్టికకు మారుగా వేరొక మార్గమును మన ఉత్తరాంధ్రమే లోకమునకు చూపినది. కాళీపట్నం రామారావు మాస్టారు 1995లో తమకు వచ్చిన సాహిత్య అకాడెమీ బహుమానపు సొమ్మును ఇంటిఖర్చునకు వాడుకొనక, 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. తెలుగున అచ్చయిన ప్రతి కథయు అచ్చట నుండవలెనని వారి పట్టుదల. మంచిది చెడ్డది యని ఏరలేదు. మీకు ఇష్టములేని కథయు, నాకు ఇష్టములేని కథయు నచ్చట నొకే బీరువాలో నున్నవి. పట్టిక ఏరును, నిలయము దాచును. ఏరినవాని తీర్పు తప్పయినప్పుడు, దాచినవాని బీరువాకు పోయి దిద్దుకొనవచ్చును. అచ్చమాంబగారి కథ మరల వెలికివచ్చుటకు కారణము, ఎవరో పాతపత్రికను పారవేయకుండుటయే గదా. మధ్యమార్గమును కలదు. 1990 మొదలుకొని కథాసాహితివారు ఏటేట నొక "కథ" సంకలనమును, ఆయేటి మేలికథలను ఏరి, వెలువరించుట మొదలిడిరి. ఏరినది కథను, కథకుని కాదు. కథ క్రింద వయస్సు వేయవలసిన పనిలేదు.

ఇంతవరకు విని, "అయిన పట్టిక వలదందువా?" యని మీ రడుగవచ్చును. వలదనను. రాయికొరకు వేసిన రైలుదారిని మనము వాడుకొనుచున్నాముగదా. ఇదియు నట్లే వాడుకొందము. కాని దారి వేయుటకు ముందే దిగవలసిన స్టేషను లేవో తేల్చుకొందము. నా మనవులు అయిదు.

మొదటిది. వయస్సు నియమము తీసివేయుడు. దాని స్థానమున "మొదటి పుస్తక మింకను రానివారు, లేక వచ్చి ఐదేండ్లు దాటనివారు" అని వ్రాయుడు. వ్రాతకు పుట్టినదినము వ్రాసినవాని పుట్టినదినము కాదు. అరువదియేండ్ల వృద్ధురాలు తన తొలికథను చెప్పి వ్రాయించినను ఆమె యువకథకురాలే.

రెండవది. పరీక్షకులు ముగ్గురున్నచో ఒక్కరైనను ఈ కొండభాషలలో నొకదానిని తల్లిభాషగా నెరిగినవారై యుండవలెను. లేనియెడల నా బస్తా కథకు పట్టిన గతియే పట్టును. వాక్యము వంకరపోయినదా, వేరు నడక నడచినదా యని మాకు చెప్పగలవారు వారే.

మూడవది. వ్రాతప్రతులను చదువుడు. అచ్చుపుస్తకము తెమ్మనుట చేతిలో డబ్బున్నవారిని పిలుచుటయే యగును. మోనికా అలీని వ్రాతప్రతి చూచి పిలువగలిగిన లోకములో, టైడా పిల్లను నోటుపుస్తకము చూచి పిలుచుటకు మనకేమి యడ్డము? తనభాషలో తెలుగులిపిని వ్రాసినను చదువుడు. ప్రక్కన తెలుగు అర్థము వ్రాయింపుడు.

నాలుగవది. శాలువా మానుడు. ఆ సొమ్ముతో ప్రతి పఠనమందిరమునకు ఆ పదిమంది రచనలను కొని యుంచుడు. పేరు ప్రకటించుట ఒక దినపు పని. పుస్తకము బల్లమీద నుండుట సంవత్సరముల పని. పాఠకుడు లేని సన్మానము పెండ్లికుమారుడు లేని ఊరేగింపు. పెరటిచెట్టు మందుకు రాదను మాట మన పఠనమందిరములలో నిజమైనంత ఇంకెక్కడను కాలేదు. పట్టణపు బల్లమీద పరదేశపు నవలకు తావు దొరకును, అరకు కథకు దొరకదు.

ఐదవది. రానివారి కథలను పారవేయకుడు. వచ్చిన ప్రతి వ్రాతప్రతికిని నకలు తీసి, కర్త యనుమతితో, ఒకచోట భద్రపరచుడు. తిరస్కరింపబడిన ప్రతి కథకును ఎవరో యొకరు చేతితో నాలుగు పంక్తులు వ్రాసి పంపుడు. పదేండ్ల తరువాత మరల ఆ పెట్టె తెరచి, మనమెవరిని వదలితిమో చూచి, ఆ సంగతిని పత్రికలో ప్రకటింపుడు. తన తప్పును తానే ప్రకటించు పట్టిక నేను లోకమున నెక్కడను చూడలేదు. అది టైడాలో మొదలైనచో మనకు గర్వకారణము కాగలదు.

తమ్ములారా, చెల్లెండ్రారా, చివరిమాట మీతో. నేటి ఉదయము మీలో ఐదుగురు కథలు చదివితిరి. ఒక చెల్లెలు చదువుచు చదువుచు మధ్యలో ఆగి, "ఇచ్చట మామాట యొకటి వచ్చినది, తెలుగులో నేమందురో తెలియదు" అని సిగ్గుపడినది. అమ్మా, సిగ్గుపడవలసినది నీవు కాదు. ఆ మాట మాకు తెలియదు. దానిని అట్లే యుంచుము. మేము నేర్చుకొందుము. ఇన్ని యుగములు మీ కొండమీదనుండి కలప దిగినది, ఇనుపరాయి దిగినది, కాఫీగింజ దిగినది. దిగినదానికెల్ల దిగువవాడే ధర కట్టెను. మీ కథ దిగునప్పుడైనను ధర కట్టుట మీచేత నుండవలెను. పట్టికలో పేరు వచ్చినచో సంతోషింపుడు, రెండు దినములు సంతోషించి మూడవ దినమున మరల వ్రాయుడు. రాకున్నచో, మమ్ము గూర్చి "వీరికి మా భాష రాదు" అని యనుకొనుడు గాని, ఆ పంతులు వలె "మాకు భాష రాదు" అని యనుకొనకుడు.

సాయంకాలపు బండి వేళ యగుచున్నది. సెలవు.